నొప్పి విలువ తెలిపిన వైద్యుడు - డాక్టరు పాల్ బ్రాండ్

ఈ శతవార్షిక సంచికకు ఒక జీవిత చరిత్ర వ్రాసి ఇవ్వవలెనని సంపాదకవర్గమువారు మమ్మును కోరినప్పుడు, మన డయాసిస్‌ను కట్టిన తొలి గురువులలోనో మిషనరీ దొరలలోనో ఒకరిని గూర్చి వ్రాయుదుమని వారు తలంచి యుందురు. వారిని గూర్చి వ్రాయుటకు మాకంటె పెద్దలు, యోగ్యులు ఈ సంచికలోనే ఉన్నారు. మేము ఎన్నుకొన్న వ్యక్తి మన డయాసిస్‌లో పనిచేసినవారు కారు. ఆయన శస్త్రవైద్యులు. పనిచేసినది రాయవేలూరులోను, ఆ తరువాత అమెరికా దేశములోను. అయినను ఏ ఆదివారమైనను మన మందిరములలో కూర్చున్నవారి పాదములతో ఆయనకు సంబంధమున్నది. అది ఎట్లో చెప్పుటకు ముందు మా తప్పు ఒకటి ఒప్పుకొనవలసి యున్నది.

కొన్ని సంవత్సరముల క్రిందట మేము పనిచేయుచుండిన ఒక పాస్టరేటులో, శ్రమల వారపు గురువారము ఆరాధనయందు పాదములు కడుగు ఆచారమును క్రొత్తగా ఆరంభించాము. పండ్రెండుమంది సంఘ పెద్దలు వరుసగా కుర్చీలలో కూర్చున్నారు. మేము పళ్ళెము, చెంబు, తువాలు పట్టుకొని మోకాళ్ళమీద ఒక్కొక్కరి యొద్దకు జరుగుచు వచ్చాము. ఏడవవారు పదవీ విరమణ చేసిన పంతులుగారు. ఇరువది ఏండ్లకు దగ్గరగా షుగరు వ్యాధి ఉన్నవారు. వారి కుడి పాదము చేతిలోనికి తీసికొన్నప్పుడు, బొటనవ్రేలి మొదట, అరికాలి ఆనెకాయ నడుమ శనగగింజంత రంధ్రము కనబడినది. చుట్టును చర్మము తెల్లగా నాని యున్నది. కొంచెము వాసన కూడ వచ్చినది. మేము తల ఎత్తి ఆయన ముఖము చూచాము. ఆయన ప్రశాంతముగా చిరునవ్వు నవ్వుచున్నారు. నొప్పియే లేనివానికి పుండున్నదని ఎట్లు తెలియును? పదిమందిలో అడుగుట మర్యాద కాదనుకొన్నాము. నీళ్ళు పోసి, తుడిచి, ఎనిమిదవవారి యొద్దకు జరిగాము. ఈస్టరు పనుల సందడిలో ఆ సంగతి మరచియే పోయాము. పెంతెకొస్తు ఆదివారమునాటికి ఆయన పట్టణములోని ఆసుపత్రిలో ఉన్నారు. మోకాలి క్రిందికి కాలు తీసివేశారు. ఆ తరువాత ఇల్లు సర్దుచుండగా ఆయన భార్యకు కుడికాలి చెప్పులో అట్టను చీల్చుకొని పైకి లేచిన మేకు కనబడినది. దానిమీద ఆయన ఎన్ని వారములు నడిచారో ఎవరికిని తెలియదు.

వేదాంత కళాశాలలో చదువుకొను దినములలోనే డాక్టరు బ్రాండ్ గారి జీవితమును మేము చదివి యున్నాము. నొప్పి అనునది దేవుడిచ్చిన వరమని ఆయన బోధించిన సంగతిని ఎన్నో ప్రసంగములలో దృష్టాంతముగా వాడుకొన్నాము కూడ. ఆ దృష్టాంతము మా నోటికి పనికివచ్చినది గాని మా కండ్లకు పనికిరాలేదు. పంతులుగారి కాలు పోయిన తరువాత ఆ పుస్తకమును మరల తీసి చదివాము. అప్పుడు మాత్రము కథకొరకు చదువలేదు.

పాల్ విల్సన్ బ్రాండ్ 1914 జులై 17న ఇప్పటి తమిళనాడులోని కొల్లిమలలో జన్మించారు. తండ్రి జెస్సీ బ్రాండ్, తల్లి ఎవెలిన్. ఇద్దరును ఇంగ్లండు నుండి వచ్చిన బాప్తిస్టు మిషనరీలు. ఆ కొండలలో మలేరియా జ్వరము జాస్తి; రోడ్డు లేదు, వైద్యుడు లేడు. జెస్సీ దొరగారు సువార్త చెప్పుటతోబాటు ఇండ్లు కట్టుట, పండ్లు పీకుట, పుండ్లు కడుగుట అన్నియు తామే చేసేవారు. ఒకనాడు ముగ్గురు కుష్ఠు వ్యాధిగ్రస్తులు ఆ కొండ ఎక్కి వచ్చారు. తండ్రి చేతులకు తొడుగులు వేసికొని, వారి పాదములు కడిగి, మందు పూసి, కట్లు కట్టుచుండగా చిన్న పాల్ దూరము నుండి చూచాడు. తండ్రి ముఖములో అంతవరకు ఎన్నడును లేని భయమును కూడ ఆ బాలుడు గమనించాడు. వారు వెళ్ళిన తరువాత వారు విడిచిపోయిన గంపను కాల్చివేశారు. ఆ దృశ్యము ఆయనకు జీవితాంతము మరపునకు రాలేదు.

తొమ్మిదవ యేట చదువు నిమిత్తము చెల్లెలితో కూడ ఇంగ్లండుకు పంపబడ్డారు. తండ్రిని మరల చూడలేదు. 1929లో జెస్సీ బ్రాండ్ గారు కొండజ్వరముతో మరణించారు. తంతివార్త ముందు చేరినది. ఆయన బ్రతికి యుండగా కుమారునికి వ్రాసిన ఉత్తరము ఓడ టపాలో వెనుక చేరినది. తల్లి మాత్రము ఆ కొండలను విడువలేదు. మిషన్ వారు విశ్రాంతి నిచ్చిన తరువాత కూడ ఆమె స్వంతముగా తిరిగి వచ్చి, గుఱ్ఱపు పిల్లమీద కొండకొండకు తిరుగుచు, 95వ యేట, 1974లో ఈ దేశపు మట్టిలోనే కలిసిపోయినది. ఆమె చరిత్ర వేరుగా వ్రాయదగినది. ఏ సంచికకైనను స్త్రీల మైత్రివారు ఆ పని పూనుకొనవలెనని మా కోరిక.

పాల్ బ్రాండ్‌కు మొదట వైద్యమనిన అసహ్యము. పుండ్లు, చీము, రక్తము ఆ కొండలలో చాలినంత చూచినవాడు గదా. అందువలన అయిదేండ్లపాటు వడ్రంగము, తాపీపని నేర్చుకొన్నాడు. తండ్రివలె కొండలలో ఇండ్లు కట్టవలెనని ఉద్దేశము. మిషనరీ పనికి సిద్ధపడువారికి ఒక యేడు సామాన్య వైద్యము నేర్పు కళాశాలలో చేరినప్పుడు, రక్తము పోయి తెల్లబారి చనిపోయినట్టే యున్న ఒక స్త్రీకి ఇతరుల రక్తము ఎక్కించగా బుగ్గలకు రంగు వచ్చి కండ్లు తెరచుట ఆయన చూచాడు. అంతటితో మనస్సు మారినది. లండనులో యూనివర్సిటీ కాలేజి ఆసుపత్రిలో వైద్యవిద్యకు చేరి, యుద్ధకాలపు బాంబుల నడుమ శస్త్రచికిత్స నేర్చుకొన్నాడు. తోటి విద్యార్థిని మార్గరెట్ బెర్రీని 1943లో వివాహము చేసికొన్నాడు. ఆమె తరువాత కంటి వైద్యురాలై, కుష్ఠు వ్యాధిలో కంటిచూపును కాపాడు పనిలో భర్తతో సమానముగా పేరు పొందినది.

1946లో డాక్టరు రాబర్ట్ కాక్రేన్ అను స్కాట్లండు దొర పట్టుబట్టి, యుద్ధకాలపు వైద్య సంఘమువారిని ఒప్పించి, బ్రాండ్‌ను రాయవేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు రప్పించారు. అప్పటికి రాయవేలూరు, మన ఆంధ్ర జిల్లాలు ఒకే మద్రాసు రాజధానిలో ఉన్నవి. 1900లో ఒక చిన్న గదిలో ఐడా స్కడర్ దొరసాని ఆరంభించిన పని అప్పటికే పెద్ద ఆసుపత్రియై యున్నది. మన చిత్తూరు, నెల్లూరు జిల్లాలవారికి అది పరాయి ఊరు కాదు, ఈనాటికిని కాదు.

దక్షిణ ఇండియా సంఘము ఏర్పడిన 1947వ సంవత్సరములోనే కాక్రేన్ గారు ఆయనను చెంగల్పట్టులోని కుష్ఠు ఆశ్రమమునకు తీసికొనిపోయారు. తోటలో నడుచుచుండగా ముడుచుకొని పోయిన చేతులు, వ్రేళ్ళు లేని చేతులు నమస్కరించుచున్నవి. ఎముకల వైద్యులలో ఎవరైనను వీటిని పరీక్షించారా అని బ్రాండ్ అడిగారు. ఎవరును లేరు. ఒక యువకుని చేయి పట్టుకొని గట్టిగా నొక్కుమన్నారు. ఆ ముడుచుకొనిన చేయి ఆయన చేతిని ఎంత బలముగా పట్టినదనిన ఆయన నొప్పితో చేయి లాగికొనవలసి వచ్చినది. చచ్చిన చేయి అనుకొన్న దానిలో అంత బలమున్నది! కొన్ని కండరములు మాత్రమే పడిపోయినవి, మిగిలినవి నిక్షేపముగా ఉన్నవి. అయితే మంచి కండరపు తాడును తీసి చచ్చినదాని స్థానములో కుట్టవచ్చును గదా అని ఆ వడ్రంగి బుద్ధికి తోచినది. 

ఆ రోజులలో డాక్టర్లు సహితము కుష్ఠు వ్యాధిలో మాంసము తనంతట కుళ్ళి రాలిపోవునని, కోసినయెడల మానదని నమ్మేవారు. బ్రాండ్ కోశారు; మానినది. వ్రేళ్ళు తెరచుకొన్నవి. సల్ఫోను మందులు వచ్చిన కాలమది. వ్యాధిని ఆపుటకు మార్గము దొరకినది గాని, అప్పటికే దెబ్బతిన్న నరములను ఏ మందును తిరిగి తేలేదు. అక్కడనే బ్రాండ్ గారి పని ఉన్నది. మన తెలుగునాట 1915లో ఇసబెల్ కెర్ దొరసాని డిచ్‌పల్లిలో ఆరంభించిన ఆసుపత్రివంటి స్థలములలో పనిచేసినవారికి కూడ ఈ శస్త్రచికిత్స క్రొత్త ఆశ నిచ్చినది.

అయితే చేతులు బాగుపడిన తరువాత క్రొత్త చిక్కు వచ్చినది. బాగుచేసిన చేతులకే గాయములు, బొబ్బలు, పుండ్లు. ఒకనాడు ఒక గిడ్డంగి తలుపు తాళము తుప్పుపట్టి ఎంత తిప్పినను రాలేదు. ప్రక్కన నున్న పదేండ్ల కుష్ఠు రోగి బాలుడు తాళపుచెవి పట్టుకొని ఒక్క తిప్పుతో తీసివేశాడు. అంత బలము ఈ పిల్లవానికి ఎక్కడిదని ఆయన చూడగా నేలమీద రక్తపు చుక్క కనబడినది. వాని వ్రేలు ఎముక కనబడునంతగా తెగియున్నది. వానికి తెలియనే లేదు. మనము తాళపుచెవిని తిప్పునప్పుడు, ఇక చాలు అని మనలను ఆపునది నొప్పి. ఆ ఆపువాడు వానిలో లేడు.

బ్రాండ్ గారు ఆ రోజు నుండి రోగులను వేరు కన్నులతో చూడనారంభించారు. పొయ్యిలో పడిన దుంపను చేతితో తీయువారు, పార కాడలోని మేకు గుచ్చుకొన్నను త్రవ్వుచునే యుండువారు కనబడ్డారు. వ్రేళ్ళు రాలిపోవుట లేదు, అరిగిపోవుచున్నవి అని ఆయన గ్రహించారు. రాయవేలూరులో నవజీవ నిలయమను పేర మట్టిగోడల ఇండ్లు కట్టించి, బాగుపడినవారికి వడ్రంగము నేర్పుచు, ప్రతి గాయమునకు కారణము వెదకి తీరవలెనని నియమము పెట్టారు. అయినను రాత్రిపూట కొందరి వ్రేళ్ళు మాయమగుచుండెను. కారణము ఎంత వెదకినను తెలియలేదు. చివరకు కుర్రవాండ్రు రాత్రంతయు మేలుకొని కావలి కాచారు. నిద్రించుచున్నవాని మంచముమీదికి ఎలుక ఎక్కి, వ్రేలిని వాసన చూచి, కొరకనారంభించినది. వాడు కదలలేదు. అటుతరువాత ఆ నిలయము నుండి ఇంటికి వెళ్ళు ప్రతివానికి ఒక పిల్లిని ఇచ్చి పంపుట ఆచారమైనది. ఇది చదువునప్పుడు మాకు నవ్వును ఏడ్పును రెండును వచ్చినవి.

చేతులకంటె పాదములు కష్టమైనవి. చేయిని విశ్రాంతిగా ఉంచవచ్చును. పాదము దేహభారమంతయు మోయుచు రోజుకు వేలకొలది అడుగులు వేయవలెను. అరికాలి పుండుకు ఎన్ని మందులు పూసినను మానక, కాలు తీసివేయువరకు పోవుట అప్పటి వాడుక. బ్రాండ్ గారు మందు మార్చలేదు, భారమును మార్చారు. పాదమంతటికి ఎక్కడను సందు లేకుండ అంటుకొనునట్లు పిండికట్టు వేసి, భారము పుండుమీదనే పడక పాదమంతట పరచుకొనునట్లు చేశారు. సంవత్సరములుగా మానని పుండ్లు వారములలో మూసికొన్నవి. మానిన తరువాత మరల చిరుగకుండ, గాలి బుడగలతో మెత్తగానుండు రబ్బరును లోపల, గట్టి రబ్బరును అడుగున పెట్టి చెప్పులు కుట్టించారు. ఆ చెప్పులలో మేకులు వాడకూడదు. ఈ మాట చదివినప్పుడు పంతులుగారి చెప్పు మా కండ్లముందు నిలిచినది.

1953లో అమెరికా చూచి ఇంగ్లండుకు చేరిన రాత్రి ఆయనకే ఒక పరీక్ష వచ్చినది. జ్వరముతో చాలసేపు రైలులో కూర్చుండి, బసలో మేజోడు విప్పునప్పుడు మడమకు స్పర్శ లేనట్లు తోచినది. సూదితో గుచ్చుకొన్నారు, తెలియలేదు. తనకును ఈ వ్యాధి సోకినదని, భార్యాబిడ్డలకు దూరముగా ఉండవలసి వచ్చునని ఆ రాత్రియంతయు వేదనపడ్డారు. తెల్లవారి మరల సూది తీసి గట్టిగా గుచ్చుకొనగా కేక వేయునంత నొప్పి పుట్టినది. రాత్రి కాలు తిమ్మిరెక్కినది, అంతే. నొప్పి కలిగినందుకు అంత సంతోషించిన మనుష్యుడు మరియొకడు ఉండడేమో. 

ఆయనకు వచ్చిన బిరుదులు, బహుమానములు చాల ఉన్నవి. 1960లో లాస్కర్ బహుమానము, 1961లో బ్రిటిషు ప్రభుత్వపు గౌరవము చెప్పిన చాలును. 1955లో ఆరంభమైన కరిగిరి పరిశోధనాలయము ఆయన పనికి కేంద్రమై దేశదేశముల వైద్యులకు శిక్షణ నిచ్చినది. ప్రమాదములో నడుము క్రింద చచ్చుబడిపోయిన మేరీ వర్గీస్ అను వైద్యురాలిని చక్రముల కుర్చీలో కూర్చుండబెట్టి చేతుల శస్త్రచికిత్స చేయుటకు ధైర్యము చెప్పినది కూడ ఆయనయే.

1966లో కుటుంబముతో అమెరికాకు వెళ్ళారు. లూసియానా రాష్ట్రములో మిసిసిపీ నది గట్టున కార్విల్ అను చోట ఆ దేశపు కుష్ఠు ఆసుపత్రి ఉండెను. అక్కడ 20 సంవత్సరములు, 1986 వరకు పనిచేశారు. ఆ దేశములో కుష్ఠు వ్యాధిగ్రస్తులు కొద్దిమందియే. కాని అక్కడ ఆయన ఒక వింత చూచారు. కుష్ఠు లేనివారి కాళ్ళు కుష్ఠు వ్యాధిగ్రస్తుల కాళ్ళవలెనే ఉన్నవి. అవే స్థలములలో అవే పుండ్లు, అవే ఆనెకాయలు, అదే చిరునవ్వు. వారందరు షుగరు వ్యాధిగలవారు. 

1922లో ఇన్సులిన్ వాడుకలోనికి రాకముందు ఈ వ్యాధి తీవ్రముగా ఉన్నవారు ఎక్కువ కాలము బ్రతికేవారు కారు. బ్రతుకు పొడిగిన తరువాత నరముల చెరుపు బయటపడినది. రక్తములో చక్కెర ఏండ్ల తరబడి ఎక్కువగా నున్నయెడల నరములు మెల్లగా దెబ్బతినును. దేహములో అతి పొడుగైన నరములు పాదములకు పోవునవి గనుక చెరుపు అక్కడనే మొదలై, మేజోడు తొడిగినట్లు రెండు కాళ్ళలోను పైకి ప్రాకును. కొందరికి మంటలు, తిమ్మిర్లు, చీమలు ప్రాకినట్లుండుట కలుగును, రాత్రులు నిద్రపట్టదు. మరి కొందరికి ఏమియు తెలియదు. ఈ రెండవవారే ఎక్కువ ప్రమాదములో ఉన్నవారు. చెమట పట్టించు నరములు కూడ చెడిపోవును గనుక పాదము పొడిబారి మడమలు పగులును. పాదములోని చిన్న కండరములు బలహీనమై వ్రేళ్ళు గోళ్ళవలె వంగి, అరికాలి ముందుభాగపు ఎముకలు నేలకు ఒత్తుకొనును. అక్కడ ఆనెకాయ పుట్టును; దాని క్రింద పుండు పుట్టును.

అమెరికా వైద్యులు చాలమంది ఆ పుండ్లకు రక్తప్రసరణ లోపమే కారణమని, అవి మానవని తలంచి, కాలు తీసివేయుటకు త్వరపడేవారు. కొందరి విషయములో రక్తప్రసరణ లోపము నిజమే. కాని బ్రాండ్ గారు చేతితో ముట్టి చూడగా చాలమంది పాదములు వెచ్చగానే ఉన్నవి. రక్తము వచ్చుచున్నది, లేనిది నొప్పి. రాయవేలూరులో కట్టిన పిండికట్టే ఇక్కడను కట్టారు, ఇక్కడను మానినవి. అట్లాంటా నగరములో గ్రేడీ ఆసుపత్రి షుగరు వైద్యశాల పెద్ద డాక్టరు జాన్ డేవిడ్‌సన్‌కు ఆయన ఈ సంగతి చెప్పినప్పుడు మొదట ఆయన నమ్మలేదు. తమ రోగులకు పుండ్లు ఉన్నయెడల తమకు తెలియకపోవునా అనుకొన్నారు. పరీక్షించి చూడగా నిజముగానే తెలియలేదు! రోగులు చెప్పలేదు, వైద్యులు జోళ్ళు విప్పించలేదు. అటుపిమ్మట ఏ పనిమీద వచ్చిన రోగియైనను జోళ్ళు, మేజోళ్ళు విప్పి కూర్చుండవలెనని నియమము పెట్టి, పాదముల వైద్యమునకు వేరు ఏర్పాటు చేశారు. కొన్ని సంవత్సరములలో అక్కడ కాళ్ళు తీసివేయుట దాదాపు సగానికి తగ్గినది. క్రొత్త మందు కాదు, క్రొత్త యంత్రము కాదు, జోళ్ళు విప్పుట.

మేకో గాజుపెంకో గుచ్చుకొనుట ఒక విధమైన గాయము. బిగువైన జోడు గంటలకొలది నొక్కుట మరియొక విధము. కాని అన్నిటికంటె మోసకరమైనది మూడవది - మామూలు నడక. బ్రాండ్ గారును, తోటివారును ఎలుకల అరికాళ్ళమీద చిన్న దెబ్బను, ఏమాత్రము బాధపెట్టనంత చిన్న దెబ్బను, రోజుకు వేలమార్లు యంత్రముతో తగిలించి చూచారు. కొద్ది దినములలో ఆ చోటు ఎఱ్ఱబారి, వాచి, చివరకు పుండైనది. మధ్య మధ్య విశ్రాంతి ఇచ్చినయెడల మాత్రము చర్మము గట్టిపడి నిలిచినది. మనము దూరము నడిచినప్పుడు, మనకు తెలియకుండగనే అడుగు మార్చుకొందుము. ఒక ప్రక్క ఒరుగుదుము, కుంటుదుము. నొప్పి మనచేత ఆ పని చేయించును. స్పర్శ లేనివాడు మొదటి మైలు నడిచినట్లే పదవ మైలును నడచును. పుండు పుట్టబోవు చోటు ముందుగా వేడెక్కునని కూడ ఆయన కనుగొన్నారు. అందుచేత రెండు పాదములను చేతితో తడిమి, ఒకటి రెండవదానికంటె వేడిగా ఉన్నదా అని చూచుట మంచి పరీక్ష. నొప్పి లేకుండ ఒక పాదము వాచి, ఎఱ్ఱగా, వేడిగా నున్నయెడల లోపల ఎముకలు చితుకుచున్నవేమో అని అనుమానించి నడక మాని వెంటనే వైద్యుని చూడవలెను.

పోయిన నొప్పికి బదులు కృత్రిమమైన నొప్పిని తయారుచేయవలెనని ఆయన ప్రభుత్వపు ధనసహాయముతో చాల ఏండ్లు పాటుపడ్డారు. చేతి తొడుగులలో, మేజోళ్ళలో ఒత్తిడిని కనిపెట్టు మీటలను అమర్చి, హద్దు మీరినప్పుడు చెవిలో చప్పుడు వచ్చునట్లు చేశారు. రోగులు విన్నారు గాని లక్ష్యపెట్టలేదు. దీపము వెలిగించి చూచారు, అదియును అంతే. చివరకు చంకక్రింద విద్యుత్తు తగిలి నిజముగా బాధ కలుగునట్లు అమర్చారు. అప్పుడేమైనది? చేయదలచిన పనికి అడ్డమైనప్పుడు రోగులు మీట ఆపివేసి, పని ముగించుకొని, మరల వేసికొనేవారు! నొప్పి మన ఆజ్ఞకు లోబడనిదై యుండుటయే దాని ఉపయోగమని ఆయనకు తెలిసినది. ఆ ప్రయత్నము విడిచిపెట్టారు. మా అభిప్రాయములో ఆయన విజయములన్నిటికంటె ఈ అపజయము గొప్పది.

యంత్రము నొప్పికి బదులు కాలేకపోయినది గనుక మిగిలినవి కండ్లు, చేతులు. కార్విల్ వారు ప్రచారములోనికి తెచ్చిన పరీక్ష ఎంత చవకైనదో చూడండి. ఒక నైలాను దారపు ముక్కను పిడికి బిగించి, అది వంగునంతవరకు అరికాలిమీద ఆనించుదురు; ఆ ఒత్తిడి 10 గ్రాములు. కండ్లు మూసికొన్నవానికి అది తెలియనియెడల అతని పాదమునకు రక్షణ పోయినదన్నమాట. ఆయన విశ్రాంతి తీసికొన్న తరువాత, 1992లో, కాళ్ళు పోకుండ కాపాడుటకు అక్కడివారు ఆరంభించిన కార్యక్రమములో ఇదే మొదటి మెట్టు. షుగరు ఉన్న ప్రతివారికి ఏడాదికి ఒకమారైనను ఈ పరీక్ష జరుగవలెను.

పంతులుగారి సంగతి జరిగిన తరువాతి సంవత్సరము మా స్త్రీల మైత్రిలోని ఒక నర్సమ్మగారి సహాయముతో ఆ దారము తెప్పించి, ఆరాధన తరువాత బల్లలమీద కూర్చుండబెట్టి పరీక్ష చేయించాము. బాగున్నామని చెప్పుకొన్నవారిలో కొందరు తల అడ్డముగా ఊపగా ఇంటివారి ముఖములు మారినవి. ఆ సాయంకాలము మేము కూడ బల్లమీద కూర్చున్నాము. మాకును షుగరు ఉన్నదని అప్పటివరకు సంఘమునకు చెప్పియుండలేదు. మా ఎడమకాలి రెండు చోట్ల దారము మాకు తెలియలేదు.

ఆ నర్సమ్మగారు చెప్పిన మాటలు బ్రాండ్ గారు చెప్పినవే. రాత్రి పడుకొనుటకు ముందు అద్దము క్రింద పెట్టుకొని అరికాళ్ళు చూచుకొనుట. చూపు ఆననివారికి మనుమలు, కోడండ్రు చూచుట. స్నానపు నీళ్ళలో ముందు కాలు పెట్టక మోచేయి ముంచుట. కాళ్ళు కడిగిన తరువాత వ్రేళ్ళ సందులు ఆర తుడుచుట, పగుళ్ళకు నూనె రాయుట. ఆనెకాయను బ్లేడుతో కోయకుండుట, తిమ్మిరికి కాపడము పెట్టకుండుట. చెప్పు తొడుగుకొనక ముందు దులిపి లోపల చేయి పెట్టి తడిమి చూచుట. చక్కెరను అదుపులో పెట్టుకొనుట ఎట్లును ఉండవలసినదే. పొగ త్రాగువారు మానవలెను.

వీటిలో దేనికిని ఎవరును అభ్యంతరము చెప్పలేదు. అభ్యంతరము వేరొకచోట వచ్చినది. ఎండకాలములో మందిరపు రాతి మెట్లు పెనమువలె కాలును. మనవారు చెప్పులు గేటు దగ్గర విడిచి ఆ మెట్లమీదుగా వచ్చెదరు. పాదములకు స్పర్శ పోయినవారు మెత్తని చెప్పులతో లోపలికి రావచ్చునని మేము ప్రకటించినప్పుడు పాస్టరేటు కమిటీలో రెండు నెలలు వాదము జరిగినది. మోషేను పొద యొద్ద చెప్పులు విడువమన్న సంగతిని ఒక పెద్దవారు ఎత్తారు. ఆయన భక్తిని మేము గౌరవింతుము. తుదకు, మందిరములో మాత్రమే వాడుటకు వేరుగా ఒక జత మెత్తని చెప్పులు వాకిట ఉంచుకొనవచ్చునని తీర్మానమైనది. ఇది అందరికి నచ్చిన పరిష్కారమని చెప్పలేము.

కార్విల్ నుండి విశ్రాంతి తీసికొని బ్రాండ్ దంపతులు సియాటిల్ నగరమునకు వెళ్ళారు. ఫిలిప్ యాన్సీ అను రచయితతో కలిసి వ్రాసిన పుస్తకములవలన ఆయన పేరు లోకమంతట తెలిసినది. కుష్ఠు మిషన్ అంతర్జాతీయ అధ్యక్షులుగా కూడ ఉన్నారు. వార్ధక్యములో సహితము రాయవేలూరుకు, కరిగిరికి వచ్చి, తాము బాగుచేసిన చేతులను తిరిగి పట్టుకొని చూచేవారు. ఇంటిలో మెట్లమీద పడి తలకు దెబ్బ తగులుటవలన 2003 జులై 8న మరణించారు. మరి తొమ్మిది దినములకు 89 నిండియుండేవి. మార్గరెట్ గారు 2014లో మరణించారు.

పంతులుగారు ఇప్పుడు కృత్రిమపు కాలితో, చేతికర్రతో ఆరాధనకు వచ్చుచున్నారు. పాదములు కడుగు ఆరాధనను మేము మానలేదు. మొన్నటి సంవత్సరము ఆయన తమ ఏడవ కుర్చీలోనే కూర్చున్నారు. ఉన్న ఒక్క పాదమును చేతిలోనికి తీసికొని, దీపము దగ్గరకు తెప్పించుకొని, వ్రేళ్ళ సందులు, మడమ, అరికాలు చూచాము. మడమ ప్రక్కన చిన్న పగులు ఉన్నది. ఆ సంగతి అందరియెదుటనే ఆయనతో చెప్పాము. మరుసటి శనివారము ఉదయము ఆయన కుమారుడు ఆయనను ఆసుపత్రికి తీసికొనిపోయాడు.